రెండు జడలు

"ఇంకేమీ అననులే, కదలకుండా కూర్చో" అంది తల్లి, దువ్వెన చేతికి తీసుకుని.

అయినా కూతురు భుజాలు బిగించుకునే కూర్చుంది. గుమ్మంలో బూట్లు తొడుక్కుంటున్న తండ్రి అటు చూశాడు. అతను బస్సు డ్రైవరు. రోజూ తెల్లారకముందే డ్యూటీకి పోతాడు. పిల్లకి జడలు వేస్తుంటే చూసి ఎన్నేళ్ళయిందో! బడి మానేశాక అది తల మీద చెయ్యే వెయ్యనివ్వడం లేదు. ఇవాళ కమిటీకి భయపడుతోంది కాబోలు అనుకున్నాడు.

భయం ఉండదా మరి? తమలాంటి ఆదివాసీలను నోటికొచ్చినట్టు తిడితే శిక్ష వేయాలని కొత్త బిల్లు పెట్టారు. దాని మీద శాసనసభ కమిటీ ఇవాళ సాక్ష్యాలు వింటోంది. బడిలో తోటిపిల్లలు పేరు మానేసి జాతిని ఎత్తిపొడిచే ఒక్క తిట్టుతోనే పిలిచి పిలిచి వేధిస్తే, చివరికి కూతురు చదువూ మానేసింది, మాటలూ మానేసింది. ఇవాళ ఒక్కసారి నోరు విప్పితే చాలు, ఇంకో పిల్లకి ఆ గతి పట్టదు.

కమిటీ హాల్లో బిల్లు వద్దనే లాయరు తేనె పూసిన గొంతుతో మొదలుపెట్టాడు.

"టీచర్లను అడిగామండీ. ఈ అమ్మాయి ఒక్కనాడూ ఏడవలేదట. అసలు చెవిన పడనట్టే ఉండేదట. బాధే లేనప్పుడు నేరం ఎక్కడిది?"

తండ్రికి ఒళ్ళు మండింది. బస్సు హారన్ కన్నా గట్టిగా అరిచాడు.

"ఏడవకపోతే బాధ లేనట్టా సార్? ఆ మాట మా ఇంటి గడప తొక్కలేదు. నా బిడ్డని పువ్వులా పెంచుకున్నాం. బయటోళ్ళే కాల్చుకు తిన్నారు!"

"మీరు కూర్చోండి" అంది కమిటీ అధ్యక్షురాలు మెత్తగా. కూతురి వైపు తిరిగింది. "చెప్పు తల్లీ. ఆ మాట మొట్టమొదట ఎవరి నోట విన్నావు?"

చెప్పమ్మా, పేరు పెట్టి మరీ చెప్పు అని తండ్రి లోలోపల బతిమాలుకున్నాడు. పక్కన భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెక్కుతోంది. పిచ్చిది, ఆపుకోలేకపోతోంది అనుకుని భుజం మీద చెయ్యి వేశాడు.

కూతురు లేచి జడ కొస పట్టుకుంది. తర్వాత పెదవులు కదిలాయి.

"అమ్మ నోట... బడిలో ఎవరైనా అంటే ఏడుపు రాకూడదని, అలవాటు కావాలని, రోజూ జడలు వేస్తూ అదే మాటతో పిలిచేది."