మేనమామ ఒడి

“వద్దు డాక్టరయ్యా! దాని చెవి ముట్టొద్దండి!”

మాదేశ్వరి రెండు అరచేతులతో కూతురి చెవులు మూసేసింది. క్లిప్పు పట్టుకున్న డాక్టర్ అరివళగన్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. మంచం మీద నాలుగేళ్ళ కనిమొళి జ్వరంతో కాలిపోతోంది. కడుపులో మొదలైన ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకింది.

నర్సు రాసాత్తికి ఒళ్ళు మండింది. అయినా తమాయించుకుంది. తమిళనాడులోని ఆ వార్డులో మాదేశ్వరి ఇంటి భాష తెలుగు వచ్చినది ఆమె ఒక్కతే, చెప్పి ఒప్పించాల్సిందీ ఆమే.

“ఇట్లా చూడు మాదేశ్వరీ. క్రిమితో పోరాడాల్సిన ఒళ్ళు ఇప్పుడు తన మీదే తిరగబడింది. మెదడు నుంచి గుండెకీ కడుపుకీ ఒక నరం దిగుతుంది. ఒంట్లో మంట ఎక్కువైతే ‘ఇంక చాల్లే’ అని అణిచేది అదే. అది నీరసపడిపోయింది. అందుకే పాప గుండె గడియారం మాదిరి ఒకే తీరుగా కొట్టుకుంటా ఉంది.”

“ఒకే తీరుగా కొట్టుకుంటే మంచిదే గదా?”

“కాదు! మంచి గుండె ఊపిరి పీలిస్తే కొంచెం పరుగెత్తుతుంది, వదిలితే కొంచెం నిదానిస్తుంది. ఆ నరం కొమ్మ ఒకటి చెవిలోకి వస్తుంది. మందులు ఎట్లాగూ ఎక్కుతుండాయి. దాంతోపాటు ఈ క్లిప్పుతో సన్నగా కరెంటు పెట్టి నరాన్ని తట్టి లేపగలమా అని చూస్తుండారు. ఇది ఇంకా పరీక్షే. నువ్వు సరే అంటేనే పెడతారు.”

“నేను వైద్యం వద్దంటినా?” మాదేశ్వరి ఏడ్చేసింది. “ఆడబిడ్డ చెవికి మొదటిసారి ఏది పెట్టినా మేనమామ ఒడిలోనే పెట్టాల. మా అన్న రాలేదనే ఇంకా చెవులు కుట్టించలేదు. ఇప్పుడు పద్ధతి తప్పి దానికేమన్నా అయితే నేనే చంపుకున్నట్టు.”

“పిలువు మరి మీ అన్నని!”

“నా పెండ్లప్పటి నుంచి మాటల్లేవు. బిడ్డ పుట్టిన సంగతి కూడా ఆయనకు తెలీదు. నంబరు మాత్రం నోటికి వస్తుంది.”

పాప తండ్రి బెంగుళూరులో కట్టడం పని వదిలి అప్పుడే బస్సెక్కాడు. ఆయన కోసం కూర్చునే సమయం కాదు. రాసాత్తి ఆ నంబరు నొక్కింది. ఫోను చేతికొస్తే ఆమె అవతలివాళ్ళకు ఊపిరి తీసుకునే సందు కూడా ఇవ్వదని వార్డులో అందరికీ తెలుసు.

“అన్నా, ధర్మపురి ఆస్పత్రి నుంచి,” అని అరవంలో అందుకుంది. “కట్ చెయ్యొద్దు. మీ చెల్లెలి బిడ్డ చావుబతుకుల్లో ఉంది. మేనమామ ఒడి లేకపోతే చెవి ముట్టనివ్వనంటోంది మీ చెల్లెలు. పాత గొడవలు తర్వాత చూసుకోవచ్చు...”

అవతల నీళ్ళ హోరు. “అది కాదమ్మా, నేను...”

“నేనూ లేదు, నువ్వూ లేదు! పసిబిడ్డ ప్రాణమన్నా! వస్తావా, రావా?”

ఆయన ఒడ్డెక్కినట్టుంది, హోరు తగ్గింది. “ధర్మపురిలో ఏ ఆస్పత్రి?” అన్నాడాయన.

హొగేనక్కల్ జలపాతం దగ్గర్నుంచి ఎవరిదో బండి వెనక కూర్చుని వచ్చేశాడు. అక్కడ పరిసల్ అనే గుండ్రటి బుట్టపడవ తోసే మనిషి. మోకాళ్ళదాకా తడి, ఒంటినిండా చేపల వాసన. రాసాత్తి గౌనూ మాస్కూ తొడుగుతుంటే గుసగుసగా అడిగాడు.

“పాప పేరేమిటి?”

పేరు చెబుతూ రాసాత్తి లోలోపల నొచ్చుకుంది. మేనకోడలి పేరు కూడా తెలుసుకోనంత పంతమా!

ఆయన్ని చూడగానే మాదేశ్వరి లేచి నిలబడింది. ఆయన వెనక తలుపు వైపు చూసింది.

“వచ్చేశానమ్మా,” అన్నాడాయన. “ఏడవకు.”

మాదేశ్వరి ఆయన కళ్ళలోకి చూస్తూ ఉండిపోయింది. ఒకసారి బిడ్డ వైపు తిరిగింది. ఆ తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని “అన్నా!” అంది. ఆమె తెలుగులో మాట్లాడితే ఆయన అరవంలో బదులిచ్చాడు. ఈ ఊళ్ళో అది వింతేమీ కాదు, గడప దాటితే అందరి నోటా అరవమే.

ఆయన మంచమెక్కి పాప తలని ఒడిలోకి తీసుకున్నాడు. చెవికి క్లిప్పు పడింది. ఆ కాయలు కాచిన వేళ్ళతో పాప నుదురు నిమురుతూ, నీళ్ళ మధ్యలో పరిసల్‌ని గిర్రున ఎలా తిప్పుతాడో చెప్పసాగాడు. డాక్టరు ముందున్న తెర మీద, గుండె వేగంలో తేడాలు చూపే గీత బల్లపరుపుగా సాగుతోంది. మాదేశ్వరి కళ్ళు ఆ గీతనే పట్టుకున్నాయి.

“ఊగుతోంది!” ఉన్నట్టుండి అరిచాడు డాక్టరు. “రాసాత్తీ, చూడు! గీత ఊగుతోంది!”

ఊపిరికి తగ్గట్టు గీత లేస్తోంది, దిగుతోంది. మందుల బలమో, క్లిప్పు బలమో, ఒడి బలమో ఎవరు చెప్పగలరు? ఇప్పుడే గెలిచామనుకోవద్దని డాక్టరు అంటూనే ఉన్నాడు, ఆయన ముఖం మాత్రం వెలిగిపోతోంది. మర్నాటికి జ్వరం దిగింది. పాప కళ్ళు తెరిచి, “మామా, నన్ను పరిసల్ ఎక్కిస్తావా?” అంది. రాసాత్తి వార్డని మరిచి ఎగిరి గంతేసింది. ఆ తర్వాత మేనమామ రోజూ వచ్చాడు.

ఇంటికి పంపే రోజు గేటు దగ్గర రాసాత్తి ఆయన్ని ఆపింది. “అన్నా, కోపం తెచ్చుకోవద్దు. ఒక్క ఫోనుకే పరిగెత్తి వచ్చినావు. మరి ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదు?”

“ఇన్నేళ్ళూ నన్నెవరూ పిలవలేదు.”

“పిలవాలా? తోడబుట్టినదాని మీద అంత పంతమా?”

ఆటోలోంచి మాదేశ్వరి చెయ్యి ఊపింది. “అన్నా, సంక్రాంతి వచ్చే తై నెలలో చెవులు కుట్టేది! నీ ఒడిలోనే! మరిచిపోవద్దు!”

ఆయన వస్తానని తల ఊపి, కళ్ళు తుడుచుకుని, రాసాత్తి వైపు తిరిగి నవ్వాడు.

“నోరు తెరవనిచ్చి ఉంటే మీకూ ఆ రోజే చెప్పేవాణ్ణి, పాప తల్లికి నన్ను చూడగానే తెలిసిపోయింది. మీరు చేసింది రాంగ్ నంబరమ్మా.”