ఒక్క ముక్క పోకుండా

మా బడి వంటింటి బల్ల దగ్గరే. పద్ధతి పాతకాలపుది. ముందు ధారణ, ఆ తర్వాతే తర్కం. పాఠం నేను ఒక్కసారే చదువుతాను. మా అమ్మాయి ఒక్క ముక్క పోకుండా తిరిగి అప్పజెప్పాలి. అప్పుడే పేజీ తిప్పుతాం.

నెల రోజులుగా అదే పేజీ. రాణి, యుద్ధం, సంధి అన్నీ గడగడా చెప్పేస్తుంది. చివరి వాక్యం దగ్గర మాత్రం నోరు కుట్టేసినట్టు ఆగిపోతుంది.

ఇవాళ అరిచేశాను. "తొమ్మిదేళ్లొచ్చాయి మొద్దూ! ఇంకా నాలుగే పాఠాలు. ఒక్క వాక్యం గుర్తుండనిదానికి రేపు తర్కం ఏం నేర్పనే?" అరుపు వెనకే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

అది మంచినీళ్లు అందించింది. నేను తాగేదాకా ఆగి, పాఠం అప్పజెప్పేటప్పటిలాగే చేతులు కట్టుకుని నిలబడింది.

"పోయిన నెల ఆసుపత్రిలో డాక్టరుగారితో నువ్వు అన్నావు. 'ఎక్కువేం అడగనండీ. మా పిల్ల పుస్తకం పూర్తయ్యేదాకా నేనుంటే చాలు' అని."

ఒక్క ముక్క పోలేదు.

నేను పుస్తకాన్ని మొదటి పేజీకి తిప్పాను.