బాతుల కూత పరీక్ష

దామోదర్ పరువు తీయాలి. అదీ మేనేజర్లందరి ముందూ. ఏడాదిగా కిరణ్మయి ఆ ఒక్క కసితోనే బతుకుతోంది.

క్రైస్ట్‌చర్చ్ శివార్లలోని చిన్న ఎయిర్‌ఫీల్డ్‌లో పక్షుల కాపలా ఉద్యోగం. పోయినేడు దానికే టెస్టుకొచ్చింది. పైన ఎగిరేవి ఏ బాతులో కూతను బట్టి, పోయే దిక్కును బట్టి చెప్పాలి. బరువైన కెనడా బాతుల గుంపు రన్‌వే మీదికొస్తుంటే విమానం ఆపాలి. పారడైజ్ బాతులు జంటగా నదివైపు పోతుంటే పోనివ్వొచ్చు.

ఆకాశం నుంచి చూపు తిప్పకుండా పది జవాబులు చెప్పింది.

"మొహం ఇటు పెట్టి చెప్పమ్మాయ్!" అని టెస్టు పెట్టే దామోదర్ కసురుతూనే ఉన్నాడు. చివరికి పదికి సున్నా వేశాడు. "చెవులున్నది దేనికి, కమ్మలు పెట్టుకోడానికా?" అన్నాడు అందరూ వింటుండగా.

ఉద్యోగం రాలేదు. ఏడాదంతా ఒక మోటెల్లో బాత్రూములు కడిగింది. ఒక్కో టైలూ తోముతూ అతన్ని తిట్టుకుంది. ఛీ, తెలుగువాడై ఉండి!

ఇవాళ మళ్లీ టెస్టు. ముందు దామోదరే ఒక గుంపును గుర్తించి మేనేజర్లకు చూపిస్తాడు. పక్షుల్ని బెదరగొట్టే తుపాకీ ఇరవై ఏళ్లుగా పేలుస్తున్న మనిషి. కూత పట్టడంలో అతనికి తిరుగులేదని పేరు. ఆ పేరునే మట్టిలో కలపాలి.

అందరికంటే ముందొచ్చి, అతను నిలబడేచోటికి వెనకున్న పొదలో స్పీకర్ దాచింది. పారడైజ్ జంట కనబడగానే ఫోన్ నొక్కితే చాలు, కెనడా బాతుల గోల మొదలవుతుంది. ఆ గోల నమ్మి విమానం ఆపమని అరుస్తాడు. అప్పుడు చూద్దాం, ఎవరి చెవులు దేనికో!

"ఏమ్మా, ఈసారైనా కాస్త నేర్చుకొచ్చావా?" అన్నాడు ఆమె మొహంలోకి గుచ్చి చూస్తూ.

"అంతా మీ దయ అంకుల్," అని నవ్వింది. లోపల మాత్రం భగభగమంటోంది.

ఉత్తరం నుంచి రెండు పక్షులొచ్చాయి. నొక్కేసింది.

పొద దద్దరిల్లింది. మేనేజర్లు ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. ఒకాయన చెవులు మూసుకున్నాడు.

దామోదర్ తల తిప్పలేదు. పైకే చూస్తూ, "పారడైజ్. జంట. నదివైపు పోతున్నాయి," అన్నాడు ధీమాగా. "శ్రద్ధగా వినండి, కూతలోనే తెలిసిపోతుంది."

అప్పుడు చూపు దించాడు.

"ఏంటి, అందరూ అటు తిరిగారు? అక్కడేముంది?"

గోల ఇంకా మోగుతూనే ఉంది. కిరణ్మయి ఫోన్ మీంచి వేలు తీయడం మర్చిపోయింది.

పోయినేడు తన పది జవాబులూ తప్పన్న మనిషికి వాటిలో ఒక్కటీ వినపడనేలేదు.