చదువు చప్పుడు

ఫోను మీద బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. చిట్టికి పై ప్రాణాలు పైనే పోయాయి.

మంచం మీద దిండుకి ఆనించిన ఆ ఫోన్లోంచి వస్తున్నది చిట్టి గొంతే. "మొక్కలు సూర్యకాంతి సమక్షంలో..." అంటూ ఖంగుమని పాఠం చదివేస్తోంది. అసలు చిట్టి మాత్రం గోడకి చేరగిలబడి, మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని, నోరు మూసుకుని కూర్చుంది. పక్కనే పుస్తకం, అదీ నోరు మూసుకునే ఉంది. కాలేజీ సీట్ల పరీక్ష దగ్గరపడేకొద్దీ దాన్ని తెరవాలంటేనే భయమేస్తోంది. తెరిచినా అక్షరాలు కళ్ళకి కనిపిస్తాయి గాని ఒక్కటీ బుర్రకెక్కదు. హుషారుగా చదివే రోజుల్లో, మళ్ళీ వినడానికి పనికొస్తుందని చేసుకున్న రికార్డింగు, ఇప్పుడు ఇదిగో, ఇలా పనికొస్తోంది.

తలుపుకి అవతల ముందు గదిలో నాన్న కుట్టుమిషను టకటకలాడుతోంది. ఆ దర్జీగారింట్లో తండ్రీకూతుళ్ళది ఒకటే ఒప్పందం. "నేను కుడుతున్నంతసేపూ నువ్వు చదువు, నువ్వు చదువుతున్నంతసేపూ నేను కుడతాను. ఎవరూ ముందు ఆగకూడదు" అన్నాడు నాన్న. ఆ ముచ్చట బట్టలివ్వడానికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి మురిసిపోయాడు కూడా.

ఇంట్లో చార్జరు ఒక్కటే. అది ఈమధ్య ఎప్పుడు చూసినా నాన్న దగ్గరే ఉంటోంది. చిట్టి రికార్డింగు ఆపి, గొంతు సవరించుకుంది.

"నాన్నా! చార్జరిలా ఇస్తావా?"

మిషను ఆగలేదు. "ఇప్పుడా? చదువుకునేటప్పుడు ఫోనెందుకమ్మా?"

"టైం చూసుకోవాలి."

"టైం నేను చెప్తాగా! ఇంకా బోలెడుంది, చదువుకో."

"పోనీ, నేనొచ్చి తీసుకుంటా."

"వద్దొద్దు! నువ్వు లేవకు!" నాన్న గాభరాగా కేకేశాడు. తర్వాత గొంతు తగ్గించి, "లేస్తే ధ్యాస చెదిరిపోతుంది తల్లీ. మంచి ఊపు మీదున్నావు. ఇందాకట్నుంచీ వింటున్నా, ఎక్కడన్నా తడుముకున్నావా!" అన్నాడు.

ఫోను ఎందుకు తడుముకుంటుంది? చిట్టికి ఏడుపు ముంచుకొచ్చింది. గబగబా మీట నొక్కి, మళ్ళీ మొక్కల్ని సూర్యకాంతిలోకి తోసింది. నాన్న తిట్టేవాడైతే ఇంత భయం ఉండేది కాదు. తిట్టడు. సంగతి తెలిస్తే ఒక్క మాట కూడా అనకుండా అలా చూస్తూ ఉండిపోతాడు. ఆ చూపంటేనే చిట్టికి భయం.

ఇంతలో వీధిలోంచి పక్కింటి పిన్ని గొంతు వినబడింది. "ఏం బావగారూ, ఖాళీయేనా?"

"ఖాళీయా! ఊపిరి తీసుకోవడానికి తీరిక లేదమ్మా," అన్నాడు నాన్న, మిషను చప్పుడు మధ్యలోంచే. "కాస్త మెల్లిగా మాట్లాడు. లోపల మా అమ్మాయి చదువుకుంటోంది."

పిన్ని ఏదో అనబోయి ఊరుకున్నట్టుంది. కాసేపటికి ఆమె చెప్పుల చప్పుడు దూరమైపోయింది. ఇంటికొచ్చినవాళ్ళని నాన్న ఇలాగే నా కోసం తిప్పి పంపేస్తున్నాడు కాబోలు, అందుకే ఈమధ్య గుమ్మం తొక్కేవాళ్ళే కరువయ్యారు అనుకుంది చిట్టి.

"...ఆకుల్లోని పత్రహరితం సహా—"

ఫోను చచ్చిపోయింది.

వెధవ ఫోను, వాక్యమన్నా పూర్తి చెయ్యలేదు.

"చిట్టీ! ఆగిపోయావేం?"

"నీళ్ళు... నీళ్ళు తాగుతున్నా నాన్నా."

"తాగు, తాగు. నేను కుడుతూనే ఉన్నాలే."

చిట్టి పుస్తకం తెరిచింది. ఆగిన చోటు వెతికింది. నోరు తెరిచింది. గాలి తప్ప మాట రాలేదు. రోజూ విన్న పాఠమే, తన గొంతుతోనే విన్న పాఠమే, ఇప్పుడు ఎవరిదో పరాయి పాఠంలా ఉంది. తలుపు అవతల మిషను ఆగడం లేదు. అది టకటకమంటుంటే "చదువు, చదువు" అని నెత్తిన మొట్టినట్టే ఉంది. చెవులు మూసుకున్నా వినబడుతోంది. గుడ్డ తిప్పడానికి ఆగదు, దారం తెంపడానికి ఆగదు. నాన్న తన కోసం ఒళ్ళు హూనం చేసుకుంటున్నాడు. తనేమో ఇక్కడ దొంగలా కూర్చుంది.

ఇక భరించడం ఆమె వల్ల కాలేదు. లేచింది. తలుపు దాకా వెళ్ళింది. గడియ తీసింది. నాన్న ముఖం చూస్తే మాట పెగలదని, కళ్ళు గట్టిగా మూసుకునే తలుపు తోసి, ఒక్క గుక్కలో అనేసింది.

"నాన్నా, ఇన్నాళ్ళూ నేను చదవట్లేదు! అది రికార్డింగు. నువ్వు మిషను ఆపకూడదని పెట్టాను. నాకు చాలా భయంగా ఉంది నాన్నా."

మిషను టకటకలాడుతూనే ఉంది.

చిట్టి మెల్లిగా కళ్ళు తెరిచింది. కత్తిరింపు బల్ల మీద ఒక్క గుడ్డముక్క లేదు. నాన్న గోడకి చేరగిలబడి, మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. కూతుర్ని చూసి, పట్టుబడ్డ పిల్లవాడిలా బిత్తరపోయాడు.

ముసుగు కప్పిన మిషను మీద, చార్జరుకి తగిలించిన నాన్న ఫోను ఆగకుండా కుడుతూనే ఉంది.