కండ్ల ముందట

బోధన్‌లో చక్కెర కార్ఖానా లేచిన ఏడు, చందూర్ రేణుకమ్మ తన వరి పొలాల్లో సగం చెరకు వేయించింది. పెనిమిటి లేడు, పిల్లల్లేరు. చెరకు బండ్ల వెంట కార్ఖానా దాకా వెళ్లే పెత్తనం ఎవరికిస్తుందా అని ఊరంతా ఎదురుచూసింది.

మరిది కొడుకు రామ్‌దాస్ ఎదురుచూడలేదు. నిజామాబాదు వెళ్లి ముందే షేర్వానీ కుట్టించుకొచ్చాడు.

అతనికో సూత్రముంది: చూస్తే భక్తి, చూడకుంటే భుక్తి.

రేణుకమ్మ తన వైపు తేరిపార చూసిందంటే చాలు, చేతులు కట్టుకునేవాడు. పోయిన ఆమె పెనిమిటిని, తన పెద్దబాపును తలుచుకుని కళ్లలో నీళ్లు తెచ్చుకునేవాడు. ఆమె ఉలికేది కాదు, పలికేది కాదు. లోలోపల మురిసిపోతోందని అతని లెక్క.

కొన్నేళ్లుగా ఆమెకో అలవాటుంది. మాట మధ్యలో మొహం గోడవైపు తిప్పేసేది. పాపం, పెనిమిటి యాదికొచ్చి ఉంటాడనుకునేవాడు రామ్‌దాస్. ఆ సందులోనే ఉట్టి మీది వెన్న గుటుక్కుమనేది. పసుపు కొమ్ముల మూట ఒకటి పెరటి గోడ దాటేది. తీరిక మిగిలితే, ఆమె తడుముకుంటూ అన్నం తినే తీరును అభినయించి జీతగాళ్లను నవ్వించేవాడు.

ఆ ఇంట్లోనే ఆడబిడ్డ కూతురు విమలమ్మ ఉండేది. మొగుడు పోతే వచ్చి చేరిన పిల్ల. చేతులు కట్టుకోవడం రాదు. రేణుకమ్మ ఎటు చూస్తున్నా కుడితి కుండలు మోస్తూనే ఉండేది. ఆమెను చూస్తే రామ్‌దాస్‌కు జాలి.

"గిట్లయితె ఎట్ల బతుకుతవ్ విమలా? పెద్దవ్వ సూసేటప్పుడన్న జర నిలవడి దండం పెట్టు."

"పశువులకు ఆకలైతాంది బావా," అని ఆమె వెళ్లిపోయేది.

ఒకనాడు రేణుకమ్మ ఊరి పెద్ద భీమన్నను, మరో నలుగురిని పిలిపించింది. రామ్‌దాస్ షేర్వానీ తొడుక్కుని ముందు వరుసలో కూర్చున్నాడు.

"పెత్తనం విమలకిస్తున్న," అంది రేణుకమ్మ.

రామ్‌దాస్ నవ్వబోయాడు. ఎవరూ నవ్వకపోయేసరికి లేచి నిలబడ్డాడు.

"గిదేం న్యాయం పెద్దవ్వా? నీ కండ్ల ముందట నేనెన్నడన్న తప్పు జేసిన్నా?"

రేణుకమ్మ నింపాదిగా మొహం గోడవైపు తిప్పుకుంది.

"కండ్ల ముందటిది నాకేమెరుక బిడ్డా, నడిమి సూపు పోయి ఏండ్లాయె, గిట్ల పక్కకు తిరిగితెనే మనుషులు కానొస్తరు."