గేటు మీది మనిషి

“ఆ కాగితం తీసేస్తేనే ఫోటో,” అన్నాడు రాంగెల్, చలికి కెమెరాను కోటు లోపల దాచుకుంటూ.

“ఆ కాగితం ఉంటేనే ఫోటో,” అంది నెదెల్కా, గేటుకు వీపు ఆనించి.

కాగితం మీద ఆమె మొగుడు త్సెకో నవ్వుతున్నాడు. నల్ల గీతల మధ్య బొమ్మ, కింద పేరు, దాని కింద ‘నువ్వు లేక ఏడేళ్లు’ అని పెద్ద అక్షరాలు. పోయినవాళ్లను ఇలా అచ్చువేసి గేటుకు అంటించడం, ఏటేటా కొత్త కాగితం మార్చడం మావైపు ఎవరూ తప్పరు. అందుకే డాన్యూబు ఒడ్డున మా పల్లెల్లో ఇళ్లలోకంటే గేట్ల మీదే జనం ఎక్కువ.

రాంగెల్ ఇళ్లు అమ్మిపెట్టేవాడు. ఈ ఇంటికోసం నలభై కిలోమీటర్లు మంచులో కారు నడుపుకుంటూ వచ్చాడు. జనవరిలో ఇల్లు ఫోటో తీయడమంటేనే తలనొప్పి. చెట్లన్నీ మోళ్లు, ద్రాక్షపందిరి ఉత్త కర్రలు, నాలుగున్నర దాటితే వెలుతురుండదు. ఇవన్నీ చాలవన్నట్టు గేటు మీద ఈ మొహమొకటి.

“పిన్నీ, కొనేవాడు ముందు చూసేది గేటే. అక్కడ చావు కనబడితే రెండో ఫోటో చూస్తాడా?”

“చూడకపోతే మానె.”

“మరి అమ్మిపెట్టమని నన్నెందుకు పిలిచావు?”

“ఇంకో చలికాలం ఈ ఇంట్లో ఒక్కదాన్నే ఉండటం నావల్ల కాదు నాయనా. ఏడు గడిపాను. పొయ్యిలో కట్టె పెట్టేదీ నేనే, దానిముందు కూర్చునేదీ నేనే. నాతో నేను పోట్లాడుకోవడం కూడా అయిపోయింది.”

రాంగెల్ కొంచెం మెత్తబడ్డాడు. “పోనీ, ఫోటో వరకూ తీసి మళ్లీ అంటిద్దాం. జిగురు నా కార్లో ఉంది.”

“ముట్టుకున్నావంటే చెయ్యి విరుగుతుంది! స్పెయిన్లో తోటపనికని పోయిన మనిషి, పెట్టెలో అయినా తిరిగి రాలేదు. కొవ్వొత్తి పెట్టుకోవడానికి నాకు సమాధి కూడా లేదు. ఉన్నదల్లా ఈ గేటే.”

రాంగెల్ సిగ్గుపడి తలొంచుకుని లోపలికి నడిచాడు. వంటగది ఒక్కటే వెచ్చగా ఉంది. మిగతా గదుల్లో అతని ఊపిరికే కెమెరా అద్దం మసకబారింది. పడకగది గోడ మీద చెమ్మ మరక కనబడకుండా బీరువా జరపబోతే, “ఫోటోలో పడనీలే,” అంది నెదెల్కా. ఇల్లు ఎలా పడుతుందన్న ధ్యాసే ఆమెకు లేదు.

గేటు దగ్గరికొచ్చేసరికి మాత్రం మనిషి మారిపోయింది. తలగుడ్డ కొసతో కాగితం మీది మంచు తుడిచింది. మొగుడి కళ్లూ మీసమూ విడిగా మళ్లీ తుడిచింది.

“దగ్గరకొచ్చి తియ్యి. మొహం బాగా తెలియాలి. పేరు కూడా చదవొచ్చేలా ఉండాలి. ప్రకటనలో ముందు ఇదే రావాలి.”

“మొదటి ఫోటోనా? పిన్నీ, ఈ ఇల్లు పదేళ్లకైనా పోదు.”

“నీకెందుకు? తియ్యి.”

పోయినవాడి మీద ఇంత ప్రేమా అనుకున్నాడు రాంగెల్. ఇక వాదించకుండా, ఆమె చెప్పినట్టే తీశాడు.

ఇంటర్నెట్లో ప్రకటన పెట్టి మూడు వారాలైంది. కుక్క కూడా అటు చూడలేదు. నాలుగో వారం ఒక విదేశీ నంబరు నుంచి ఫోనొచ్చింది.

“ఆ పల్లెలో ఇల్లు...” అంది మగగొంతు.

“అమ్మకానికే ఉందండీ! బావి ఉంది, పందిరి ఉంది, పైకప్పు గట్టిది...”

“ఇంటి సంగతి ఎవడడిగాడు? గేటు మీద ఆ కాగితం ఎవరు అంటించారు?”

“వాళ్లావిడ. పోయినవాడి విషయం, కాస్త మర్యాదగా మాట్లాడండి.”

“పీకి పారెయ్యమను! ఇక్కడ తోటలో మనవాళ్లంతా ఆ బొమ్మ చూశారు. పొద్దున లేచేసరికి నా మంచం పక్కన కొవ్వొత్తి వెలిగించి పెట్టి నవ్వుతున్నారు.”

“ఇంతకీ మీరెవరు?”

“త్సెకోని.”

రాంగెల్ అప్పటికప్పుడు కారు తీశాడు. చావు కబురు చల్లగా చెప్పేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. బతికున్న కబురు ఎలా చెప్పాలో అతనికి ఎవరూ నేర్పలేదు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు, కూర్చినవన్నీ చెరిపేసుకున్నాడు.

నెదెల్కా పొయ్యి దగ్గర చిక్కుడుగింజల పులుసు కలుపుతోంది.

“కూర్చో పిన్నీ.”

“నిలబడే వింటాను.”

“ఫోనొచ్చింది. అది... నువ్వు ధైర్యంగా ఉండాలి. త్సెకో బాబాయి బతికే ఉన్నాడు.”

ఆమె ఏడవలేదు, అరవలేదు. గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, గూట్లోంచి పెన్సిలు తీసింది. “నంబరు చెప్పు,” అంది.

రాంగెల్ కొయ్యబారిపోయాడు. “పిన్నీ, ఆయన పోలేదని నీకు ముందే తెలుసా?”

“ఉన్నాడో పోయాడో చెప్పిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు నాయనా. ఏడేళ్లు ఉత్తరాలు రాశాను, స్పెయిన్ వెళ్లే ప్రతివాడి చేతా కబురు పంపాను. బతికున్నాడనుకుని పిలిచినన్నాళ్లూ పలకలేదు. క్రిస్మసుకు ముందు నేనే చచ్చాడని అచ్చువేయించి గేటుకు అంటించాను, ఇదిగో, పలికాడు!”