సూర్రాజు పేరు

కాకినాడ అనాథ ప్రేత సంస్కార సంఘం రిజిస్ట్రేషన్ రద్దయి పదకొండేళ్లయింది. రిజిస్టరైన సంఘం అడిగితే తప్ప మార్చురీ దిక్కులేని శవాన్ని ఇవ్వదు, మనుషులెవరూ లేకుండా దహన యంత్రమే కాల్చేస్తుంది. మిగిలిన ఒక్క సభ్యురాలు వరహాలమ్మ శాసనసభ చుట్టూ తిరిగి, సంఘం ఎన్నడూ రద్దు కానట్టే భావించాలని ప్రత్యేక చట్టం తెప్పించింది.

ఆ చట్టం ప్రకారం పోయినవాళ్లతో సహా పాత సభ్యులంతా సభ్యులే. పోయినవాళ్ల గొంతుల్ని, పలకరిస్తే బదులిచ్చేలా, భద్రపరచడం మామూలైన కాలమది. తొలి సమావేశంలో ఆరు గొంతులు హాజరు పలికాయి. ఒకటి ఆమె భర్త సూర్రాజుది.

"ఇయ్యాల ఎవర్ని సాగనంపాలే, వరాలూ?"

ఊరుగాని ఊళ్లో, పేరులేని శవంగా అతన్నీ యంత్రమే కాల్చిందని ఆమె చెప్పలేకపోయింది.

"ఎవరో పెద్దాయనండీ. పేరు తెలీదు."

"అయితే మనవే ఓ పేరెడదాం. పేరు లేకుండా ఎవర్నీ పంపకూడదు."

మిగతా గొంతులు సరేనన్నాయి. వరహాలమ్మ తీర్మానంలో ఆ పెద్దాయన పేరు సూర్రాజని రాసింది.